నాలుగేళ్ళ నడుము నొప్పి: మళ్ళీ వంగడం ఎట్లా మొదలుపెట్టాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. వయసు 42. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో లెక్కలు రాసే పని. నాలుగేళ్ళుగా నడుము నొప్పి. ఎంఆర్ఐలో నడుము కింది భాగాన ఎల్4-ఎల్5 పూసల దగ్గర డిస్క్ బల్జ్ (పూసల మధ్య ఉండే మెత్త బయటికి ఉబ్బడం), ఎల్5-ఎస్1 దగ్గర గుజ్జు ఎండింది అని రాశారు. కర్నూలులో ఇద్దరు డాక్టర్లు చూసి ఆపరేషన్ అక్కర్లేదన్నారు గానీ, వంగొద్దు, బరువెత్తొద్దు అని చెప్పి పంపారు. అప్పట్నించి నడుముకు బెల్టు, పీట మీద కూర్చుని భోంచేయడం బంద్. అక్క కూతురి పెళ్ళిలో మాత్రం రెండు రోజులు గుండిగలు మోసినా ఏమీ కాలేదు, ఆదివారమంతా ఇంట్లో హాయిగా ఉన్నారు, సోమవారం అంగట్లో కూర్చున్న గంటకే పట్టేసింది. ఎవరో ‘ఇదంతా నీ మనసులోనే’ అన్నారట. అంటే నేను నటిస్తున్నానా అని అడిగారు.

నటించడం లేదు. నొప్పి ఎవరికైనా, ఏ కారణంతో వచ్చినా, తయారయ్యేది మెదడులోనే. వేలు తెగినప్పుడు కూడా అంతే. ప్రపంచ నొప్పి నిపుణుల సంఘం 2020లో సవరించిన నిర్వచనం ప్రకారం, కణజాలానికి దెబ్బ తగిలినప్పుడు కలిగేదీ నొప్పే, దెబ్బ లేకపోయినా అట్లాగే అనిపించేదీ నొప్పే. రెండింటిలో ఒకటి అసలు, ఒకటి దొంగ అని ఎక్కడా లేదు. 1995లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన కేసు ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 29 ఏళ్ళ భవన కార్మికుడు 15 సెంటీమీటర్ల మేకు మీదికి దూకాడు, అది బూటులోంచి పైకి పొడుచుకు వచ్చింది. రవ్వంత కదిలించినా భరించలేని నొప్పి, మత్తుమందు ఇచ్చి బూటు విప్పితే మేకు రెండు వేళ్ళ సందులోంచి దూరింది. చర్మం మీద గీటు కూడా లేదు. కళ్ళు చూసిన ప్రమాదాన్ని మెదడు నమ్మింది, నొప్పిని పుట్టించింది.

మీ విషయంలో ఆ మేకు పని ఎంఆర్ఐ రిపోర్టు చేస్తోందని నా అంచనా. అంచనా అనే అంటున్నాను, ఎందుకంటే ముందు కొన్నిటిని తోసిపుచ్చాలి.

మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే మూత్రం కారిపోవడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గడం: వీటిలో ఏది వచ్చినా ఆ రోజే, వీలైతే ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పోవాలి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా ఆలస్యం చేయకూడదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే వెన్నుపూస క్షయ కోసం చూడాలి, మన దేశంలో అది అరుదైన జబ్బేమీ కాదు. 45 ఏళ్ళ లోపు మొదలై, పొద్దున లేచాక అరగంటకు పైగా బిగుసుకుని, నడిస్తే తగ్గి, పడుకుంటే పెరిగే నొప్పి అయితే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళ వాపు జబ్బు) అనుమానించి రుమటాలజిస్టు, అంటే కీళ్ళవాతం డాక్టరు దగ్గరికి పంపాలి. మీకు 38లో మొదలైంది కాబట్టి ఈ ఒక్క ప్రశ్న మళ్ళీ అడిగించుకోండి. క్యాన్సర్‌కు గతంలో చికిత్స జరిగినవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, కింద పడ్డ 60 దాటిన ఆడవాళ్ళు కూడా ముందు పరీక్షలు చేయించుకోవాలి.

మన సీమలో ఇంకొకటి కూడా చూడాలి, బయటి పుస్తకాల్లో దీని ప్రస్తావన తక్కువ. అనంతపురం, కడప పల్లెల్లో ఏళ్ళ తరబడి బోరు నీళ్ళే తాగినవాళ్ళకు ఫ్లోరోసిస్ (నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు) వల్ల వెన్ను గట్టిపడి నొప్పి రావచ్చు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇంట్లోనే చూసుకోదగ్గ గుర్తులు మూడు: మోకాళ్ళు వంచకుండా వంగి కాలివేళ్ళు అందుకోవడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి తీసుకెళ్ళి కట్టుకోవడం. మొదటిది ఒక్కటే రాకపోతే కంగారు పడొద్దు, నాలుగేళ్ళు వంగనివాళ్ళకు అది ఎట్లాగూ రాదు. మూడూ రాక, ఊళ్ళో చాలామందికి పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే ఎక్స్‌రే, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష అడగండి. విటమిన్ డి కూడా ఒకసారి చూపించుకోండి, రోజంతా అంగట్లో ట్యూబులైటు కింద కూర్చునేవాళ్ళకు అది తక్కువుండటం మామూలే.

ఇవేవీ లేవని తేలిందనుకుందాం. ఇప్పుడు రిపోర్టు సంగతి. నడుము నొప్పి అసలే లేని 3,110 మంది స్కాన్ ఫలితాలను కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది. 40 ఏళ్ళకు అది 68 శాతం, డిస్క్ బల్జ్ 50 శాతం. అంటే మీ వయసులో నొప్పి ఎరగనివాళ్ళను వరుసగా మిషన్లో పడుకోబెడితే సగం మందికి మీ రిపోర్టే వస్తుంది. తల నెరిసినట్టే లోపల డిస్కూ నెరుస్తుంది. ‘గుజ్జు అయిపోయింది’, ‘గ్యాప్ వచ్చింది’, ‘ఎముక అరిగింది’ అనే మాటలు మనవాళ్ళు చాలా తేలిగ్గా అనేస్తారు. వినేవాడికి మాత్రం వెన్ను లోపల బండి బేరింగు పోయినట్టు బొమ్మ కడుతుంది, ఆ బొమ్మతో ఎవడు ధైర్యంగా వంగుతాడు?

లోపల జరిగేది మోటుగా చెప్పాలంటే, బండికి పెట్టిన దొంగల అలారం పిల్లి దూకినా మోగడం లాంటిది. మొదట్లో నిజంగానే ఏదో బెణికి ఉంటుంది, అది ఆరు నుంచి పన్నెండు వారాల్లో మానింది. ఈలోగా వంగితే ప్రమాదం, కూర్చుంటే ప్రమాదం అని మెదడు నేర్చుకుంది. నొప్పి వస్తే భయం, భయం వల్ల కండరాల బిగింపు, కాపలా, ఆ కాపలా వల్ల ఇంకా నొప్పి. మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు నడిచేది ఈ గుండ్రమే. పెళ్ళిలో మీ ధ్యాస నడుము మీద లేదు, ప్రమాదం అనే మాటే ఎవరికీ గుర్తు రాలేదు, అలారం మోగలేదు. అంగట్లో కుర్చీ చూడగానే మోగింది.

అయితే ఒక్క పెళ్ళిని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. పది రోజులు ఒక చిట్టా రాయండి, లెక్కలు రాసేవారికి ఇది నేర్పక్కర్లేదు. రోజుకు మూడే పద్దులు: మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి. నొప్పి ఎక్కడ, అప్పుడేం చేస్తున్నారు, దానికి ముందు గంటలో ఏం జరిగింది. చిట్టాలో నొప్పికి మార్కులు వేయొద్దు, గంట గంటకూ రాయొద్దు, ఎంత తరచుగా కొలిస్తే మెదడు అంత శ్రద్ధగా కాపలా కాస్తుంది. పది రోజులయ్యాక తిరగేసి చూడండి. నొప్పి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తిరుగుతోందా? ఒకే పని ఒకరోజు నొప్పించి మరునాడు నొప్పించలేదా? జీఎస్టీ రిటర్నుల తేదీ ముందు, యజమాని కేకలేసిన రోజు, చీటీ డబ్బు కట్టాల్సిన రోజు ముదురుతోందా? సెలవు రోజు లేదా? తలనొప్పి, కడుపుబ్బరం, నిద్రపట్టకపోవడం కూడా వెంట వస్తున్నాయా? వీటిలో మూడు నాలుగు అవునంటే అలారం నొప్పే కావచ్చు. అట్లాకాక ప్రతిసారీ ఒకే చోట, ఒకే కదలికకు, ఒకే మోతాదులో వచ్చి కాలి వేలి దాకా ఒకే గీతలో పాకుతుంటే నరం సంగతి మళ్ళీ డాక్టరుతో మాట్లాడాలి.

ఇక పని. మూడు ముక్కలు: నొప్పిని భయం లేకుండా గమనించడం, మానేసిన కదలికలను మెట్లు మెట్లుగా తిరిగి తెచ్చుకోవడం, ఒత్తిడికి దారి చూపడం. మొదటిది చాలామంది తప్పుగా చేస్తారు కాబట్టి దాని గురించే ఎక్కువ రాస్తాను.

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు. కుర్చీలోనైనా సరే, పడుకున్నా సరే, ఒంటికి హాయిగా ఉన్న తీరులో ఉండండి. ముందు రెండు నిమిషాలు ఊపిరి: నాలుగు అంకెలు లెక్కపెడుతూ లోపలికి, ఆరు అంకెలు లెక్కపెడుతూ బయటికి. పొట్ట కదలాలి, భుజాలు లేవకూడదు. తల తిరిగినట్టుంటే మరీ లోతుగా లాగుతున్నారని అర్థం, మామూలు ఊపిరి మోతాదుకు తగ్గించండి. తర్వాత ధ్యాసను నడుము దగ్గరికి తీసుకెళ్ళండి. అక్కడ ఏముందో ఊరికే చూడండి: మంటా, బిగుతా, పోటా? రూపాయి బిళ్ళంత ఉందా, అరచేయంత ఉందా? అంచులు తెలుస్తున్నాయా? అలాగే ఉందా, జరుగుతోందా? చెరువు గట్టున కూర్చుని నీళ్ళను చూసినట్టు, ఏ పనీ లేనట్టు చూడాలి. మధ్యమధ్య మీ మాటల్లోనే చెప్పుకోండి: ఇది అలారం, లోపల ఏమీ తెగలేదు, మొన్న గుండిగలు మోసిన నడుమే ఇది. నమ్మని మాట చెప్పుకోవద్దు, పనిచేయదు. ‘నాకు నొప్పే లేదు’ అని జపం చేస్తే మెదడుకు అబద్ధమని తెలుసు. పెళ్ళి రోజు లాంటి ఋజువులను చిట్టాలోంచి తీసి చూపించాలి, వాటినే నమ్ముతుంది.

ఇందులో జరిగే పెద్ద పొరపాటు: కళ్ళు తెరిచి ‘తగ్గిందా?’ అని చూసుకోవడం. అట్లా చూసిన క్షణం గమనించడం పోయి కాపలా మొదలైంది. ఆ పది నిమిషాల్లో నొప్పి తగ్గాలన్న లెక్క లేదు. నొప్పి ఉండగా భయం తగ్గితే ఆ పూట పని అయినట్టే. రెండో పొరపాటు, నొప్పి ఉజ్జాయింపుగా పదికి ఏడెనిమిది ఉన్నప్పుడు మొదలుపెట్టడం. ఈత నేర్చుకునేవాణ్ణి ఎవరూ వరదలోకి దింపరు. ఐదుకు తక్కువున్నప్పుడు చేయండి. ఎక్కువున్న పూట వేడినీళ్ళ సంచి పెట్టుకుని, నచ్చిన పాటలు పెట్టుకుని, గడిచిపోనివ్వండి. అదేమీ ఓడిపోవడం కాదు.

కదలికలకు వద్దాం. ముందు కూర్చోవడం, మీ గొడవంతా అక్కడే ఉంది కాబట్టి. మూడు రోజులు నొప్పి మొదలయ్యేదాకా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో చూడండి. 35, 20, 26 నిమిషాలు అనుకోండి, సగటు 27. అందులో ఐదో వంతు తీసేస్తే దాదాపు 21. అదే మీ మొదలు. 21 నిమిషాలకు ఫోనులో గంట పెట్టుకుని, నొప్పి ఉన్నా లేకపోయినా లేచి రెండు నిమిషాలు నడిచి రండి. వారానికి రెండుసార్లు రెండేసి నిమిషాలు పెంచితే ఆరు వారాల్లో 45 నిమిషాలకు చేరతారు. బాగున్న రోజు మూడు గంటలు కూర్చుని, మరునాడు మంచం పట్టి, మూడో రోజు సెలవు పెట్టే పద్ధతి ఉందే, అన్నిటికంటే అదే జాస్తి చెడ్డది. నొప్పి వచ్చాక లేస్తే నొప్పే మీ యజమాని అవుతుంది. గంట మోగినప్పుడు లేస్తే మీరే యజమాని.

వంగడం ఇంకో నిచ్చెన. నిద్ర లేచిన మొదటి గంట వద్దు, రాత్రంతా డిస్కులు నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి కాబట్టి అప్పుడు ఎవరికైనా బిగుసుగానే ఉంటుంది. కుర్చీలో కూర్చుని అరచేతులు తొడల మీద నుంచి మోకాళ్ళకు, పిక్కలకు జార్చండి, ఊపిరి బిగపట్టకుండా, ఐదుసార్లు, పొద్దున సాయంత్రం. మూడు రోజులు ఇదే. తర్వాత నిలబడి మోకాళ్ళ దాకా. తర్వాత మోకాలికీ మడమకూ మధ్య దాకా. తర్వాత స్టూలు మీది తువ్వాలు తీయడం, ఆ తర్వాత నేల మీది తువ్వాలు. అక్కడినుంచి బరువులు: అర లీటరు నీళ్ళ సీసా, రెండు కిలోల చక్కెర, ఐదు కిలోల బియ్యం, పది లీటర్లు పోసిన బిందె. ఒక్కో మెట్టు మీద కనీసం మూడు రోజులు. వీపు కర్రలా నిటారుగా పెట్టి, పొట్ట బిగించి, మోకాళ్ళ మీదే కూర్చుని ఎత్తాలని మీకు నేర్పి ఉంటారు. ఇంత తక్కువ బరువులకు ఆ జాగ్రత్త అక్కర్లేదు, మామూలుగా, వదులుగా వంగండి. చెనిక్కాయ పీకే కూలోళ్ళు పొద్దంతా వీపు వంచే పీకుతారు. వెన్ను వంగడానికే ఉంది.

ఎంత నొప్పి వస్తే ఆగాలి? చేసేటప్పుడు పదికి రెండు పెరిగి, మరునాటికి మామూలుకు వస్తే ఆ మెట్టు సరైనదే. అంతకంటే పెరిగినా, 24 గంటలు దాటినా ఒక మెట్టు కిందికి దిగి రెండు రోజులు అక్కడ చేయండి. పూర్తిగా ఆపేయడం మాత్రం వద్దు.

నడక విడిగా. మొదట పది నిమిషాలు, మెల్లగా అరగంటకు, వారానికి ఐదు రోజులు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మందితో చేసిన అధ్యయనంలో ఇట్లా నడిపించిన వాళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పట్టింది, నడవనివాళ్ళకు 112. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ తెలిసిందే, ఏడు లోపలే ముగించండి.

బెల్టు ఒక్కసారిగా తీసి పారేయొద్దు. ఇంట్లో ఉన్న గంటల్లో మొదట తీసేయండి, తర్వాత నడకలో, తర్వాత అంగట్లో రోజుకు అరగంట చొప్పున పెంచుకుంటూ. రెండు మూడు వారాలు పడుతుంది. ప్రయాణాలకని ఒకటి బ్యాగులో ఉంచుకుంటే అదే తాయెత్తు అవుతుంది, చివరికి అదీ పోవాలి. పడకకు చెక్క బల్లే మంచిదని అందరూ అంటారు గదా, 2003లో 313 మంది మీద చేసిన పరీక్షలో గట్టి పరుపు కంటే మధ్యస్థంగా గట్టిగా ఉన్న పరుపు మీద పడుకున్నవాళ్ళకే బాగుంది. బల్ల మీద నిద్ర పడుతుంటే సరే, పట్టకపోతే శిక్ష అనుభవించనక్కర్లేదు.

మూడో ముక్క రాయడం. వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, ఎవరికీ చూపించననే హామీతో, లోపల నలుగుతున్నదంతా కాగితం మీద పెట్టండి. అన్నదమ్ముల పంపకం, కూతురి పెళ్ళి అప్పు, ఎండిన బోరు, నోరెత్తలేని యజమాని, ఏదైనా. అక్షరదోషాలు, మర్యాద చూడొద్దు. రాసి చింపేయండి. ఆ రోజు కాస్త మనసు బరువెక్కడం మామూలే, రెండు రోజుల్లో తేలికపడాలి. పాత గాయాలు లేచి నిద్ర పట్టకపోతున్నా, బతకాలనిపించకపోతున్నా రాయడం ఆపి మానసిక వైద్యుణ్ణి కలవండి, 14416 టెలిమానస్‌కు ఏ వేళైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మందుల గురించి గట్టిగా ఒక మాట. ఈ పద్ధతి మొదలుపెట్టాం కదా అని ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు ఒక్కరోజులో మానకూడదు. రాసిన డాక్టరే మోతాదు దశలవారీగా తగ్గించాలి. నొప్పి మాత్రలు రోజూ మింగడం కడుపుకూ కిడ్నీలకూ చేటు. పేరు లేని పొడులు, వేసుకున్న గంటలో ఎగిరి గంతేసేలా చేసే ఇంజెక్షన్లు వాడుతుంటే వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. నెలల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి దాచకుండా డాక్టరుకు చెప్పండి.

ఎన్నాళ్ళు? 2021లో అమెరికాలోని కొలరాడోలో 151 మందితో జరిగిన పరీక్షలో, ఈ తీరు చికిత్స నాలుగు వారాలు తీసుకున్నవాళ్ళలో 66 శాతం మందికి నొప్పి పోవడమో, దాదాపు పోవడమో జరిగింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో 20 శాతం, మామూలు వైద్యంలో ఉన్నవాళ్ళలో 10 శాతం. ఆ 66 చూసి గంతులేయకండి. అది ఒక్క అధ్యయనం, పక్కన శిక్షణ ఉన్న మనిషి వారానికి రెండుసార్లు కూర్చుని చేయించాడు. సొంతంగా చేసుకుంటే ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదట తగ్గేది సాధారణంగా నొప్పి కాదు, భయం. తర్వాత కూర్చునే సమయం పెరుగుతుంది, నిద్ర బాగుపడుతుంది, నొప్పి అన్నిటికంటే చివర కదులుతుంది. మూడో నాలుగో వారంలో ఉన్నట్టుండి ఒకసారి గట్టిగా తిరగబెడుతుంది, నూటికి తొంభై మంది ఆగిపోయేది అక్కడే అనిపిస్తుంది నాకు. దానికి ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి: రెండు రోజులు మెట్లు సగానికి, నడక ఐదేసి నిమిషాలు మూడుసార్లు, కొత్త స్కాను వద్దు, మూడో రోజు మళ్ళీ ఉన్న చోటికి. మొదట చెప్పిన ప్రమాద గుర్తులు కొత్తగా వస్తే మాత్రం ఈ కాగితం చెల్లదు.

ఇంట్లోవాళ్ళకు రెండే పనులు అప్పగించండి. రోజూ ‘నడుం ఎట్లుంది?’ అని అడగడం మానాలి, ‘ఈరోజు ఎంతదాకా వంగినావు?’ అని అడగాలి. బిందె మీ చేతిలోంచి లాక్కోకూడదు. అమ్మలకు ఇది చాలా కష్టం, ముందే కూర్చోబెట్టి చెప్పండి.

ఫిజియోథెరపిస్టు సాయం కావాలంటే ప్రొద్దుటూరులోనో కడపలోనో దొరుకుతారు. మొదటి రోజే ఒక ప్రశ్న వేయండి: ‘నేను ఎప్పటికి నేల మీది బిందె ఎత్తుతాను?’ వారాలతో సహా లెక్క చెప్పే మనిషి దగ్గర ఉండండి. ‘ఇంక జన్మలో ఎత్తొద్దు’ అని కరెంటు పెట్టి పడుకోబెట్టే చోటయితే ఫీజు కట్టేసి వచ్చేయండి.